బిట్ బ్యాంకులో లేని పడవ

హైదరాబాద్ కోచింగ్ సెంటర్ల పేట అశోక్‌నగర్‌లో ఏ కుర్రాణ్ణి అర్ధరాత్రి లేపి అడిగినా ఆకాశ్ క్షిపణి ఎంత దూరం కొడుతుందో కళ్లు తెరవకుండానే చెబుతాడు. అగ్ని వరసలో ఏది ఎన్ని వేల కిలోమీటర్లు పోతుందో, బ్రహ్మోస్‌లో ఏ రెండు నదుల పేర్లు కలిశాయో, ఏది ఘన ఇంధనమో ఏది ద్రవ ఇంధనమో, అన్నీ నాలుక చివరే ఉంటాయి. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నే కుర్చీ మీద సంచి పడేసి సీటు ఆపుకునే పిల్లల్ని చూస్తే నాకు కొండంత ధైర్యం. రేపు శత్రువెవరైనా దండెత్తి వస్తే, ఆబ్జెక్టివ్ పద్ధతిలో అయితే మాత్రం చిత్తుగా ఓడించి పంపుతాం. క్షిపణుల గురించి ఇంతకన్నా తెలిసినవాళ్లు ఈ నగరంలో కంచన్‌బాగ్‌లో మాత్రమే ఉన్నారు. వాళ్లకు జీతాలొస్తాయి, అంతే తేడా.

మన క్షిపణుల్లో చాలావాటికి పుట్టిల్లు మా ఊరే. క్షిపణులకు రూపమిచ్చే డీఆర్‌డీఎల్ ఇక్కడే, వాటిని తయారుచేసే భారత్ డైనమిక్స్ 1970 నుంచి ఇక్కడే. వచ్చిన చిక్కల్లా కాల్చి చూసుకోవడానికి సముద్రం లేకపోవడం. ఉన్నది హుస్సేన్‌సాగర్. అందులో సైన్యమే పడవలెక్కుతుంది. ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ వాళ్లు తెరచాప పడవల పోటీలు పెడతారు, మేం ట్యాంక్‌బండ్ మీద మొక్కజొన్న పొత్తు తింటూ చూస్తాం. కాల్చాలంటే మాత్రం బాపట్ల దగ్గర సూర్యలంకకో, ఒడిశాలో చాందీపూర్‌కో పోవాలి. అక్కడ పడవలెక్కేది సైన్యం కాదు. అందుకని అక్కడ పడవలు దిగమంటారు.

2023 డిసెంబరులో సూర్యలంక వైమానిక స్థావరంలో అస్త్రశక్తి పేరుతో విన్యాసం జరిగింది. ఆకాశ్ ఒకే ఫైరింగ్ యూనిట్ నుంచి నాలుగు లక్ష్యాలను ఒకేసారి కూల్చింది. గొప్ప సంగతే. వార్త తడి ఆరకముందే మా వీధి జిరాక్సు షాపుల్లో అది బిట్టయి కూర్చుంది. విన్యాసం పేరేమిటి? ఎక్కడ జరిగింది? లక్ష్యాలు ఎన్ని? ఆ రోజు ఆ నీళ్లలోకి వెళ్లకుండా ఎన్ని పడవలు ఒడ్డునే ఉండిపోయాయని అడిగే బిట్ మాత్రం ఏ బ్యాంకులోనూ లేదు.

ఒక మాట ముందే చెప్పేస్తాను, లేకపోతే పత్రికకు ఉత్తరాలొస్తాయి. క్షిపణిని పరీక్షించాల్సిందే. పైకి పోయింది కిందికి వస్తుంది కాబట్టి కింద మనుషులు ఉండకూడదు, పడవలు ఉండకూడదు. ఇందులో నాకు పేచీ లేదు. నా పేచీ అంతా ఆ పోగొట్టుకున్న రోజు ఎవరి ఖాతాలో రాస్తున్నారన్నదే.

పద్ధతి మహా ముచ్చటగా ఉంటుంది. మన సముద్రంలో ఎప్పుడు ఎక్కడికి పోకూడదో ఓడలను హెచ్చరించే జాతీయ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయం డెహ్రాడూన్‌లో ఉంది. సముద్ర మట్టానికి 600 మీటర్ల పైన, హిమాలయాల పాదాల దగ్గర. అంత ఎత్తుకెక్కితేగానీ బంగాళాఖాతం మొత్తం కనిపించదు కాబోలు. అక్షాంశాలు, రేఖాంశాలు డిగ్రీలూ నిమిషాలతో సహా ఓడలకు వెళతాయి. విమానాలకు నోటామ్ అనే హెచ్చరిక వేరే. సింగపూర్ నుంచి వచ్చే ఓడ కెప్టెన్ అది చదువుకుని దారి కాస్త మళ్లించుకుంటాడు, చేతిలో కాఫీ కూడా చల్లారదు. చీరాల వాడరేవులో ఒక్క ఫైబర్ పడవ ఉన్నవాడికి అదే సంగతి మత్స్యశాఖ నుంచో, మెరైన్ పోలీసుల నుంచో, పక్కూరి బావమరిది ఫోన్ నుంచో చేరుతుంది. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా వేటకు పోవద్దు. అతను మళ్లించుకోవడానికి ఇంకో సముద్రం లేదు. మత్స్యకార పల్లెల్లో పెదకాపులు దురాయి వేసినా పడవలు ఆగుతాయి, ఎవరూ కాగితం అడగరు. కాకపోతే దురాయి వేసినవాడి పడవ కూడా ఆగుతుంది.

పైగా తేదీ అంటే ఒక తేదీ కాదు, వరసగా కొన్ని. వాటిలో ఏ రోజైనా కాల్చవచ్చు. గాలి బాగుండాలి, మబ్బు పట్టకూడదు, రాడార్లు అలగకూడదు. ఆఖరి రోజున కాల్చవచ్చు, అసలు వాయిదా పడవచ్చు. ఈ బాధ అశోక్‌నగర్‌కు విడమరిచి చెప్పక్కర్లేదు. 2022 అక్టోబరులో రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్ పేపర్ లీకై 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ రాస్తే సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో కొత్త ప్రకటన. అన్నాళ్లూ గది అద్దె రద్దు కాలేదు, మెస్ బిల్లు వాయిదా పడలేదు. ఎవరో ఎక్కడో తేదీ మార్చుకుంటే తమ ఇంట్లో పొయ్యి మీద ఏమవుతుందో తెలిసినవాళ్లు ఈ దేశంలో ఇద్దరే. ఒకడు వాడరేవులో ఉంటాడు, ఇంకొకడు మా సందులో.

ఆ ఇద్దరూ ఒక ఇంట్లోవాళ్లే కావడం కూడా కద్దు. మా సందు హాస్టల్లో గదికి ముగ్గురున్నచోట నాలుగోవాడిగా ఉంటున్న బాపట్ల వైపు కుర్రాడొకడు సివిల్స్‌కు చదువుతున్నాడు.

"ఆకాశ్ రేంజి ఎంతో మా నాన్ననడగండి బాబాయ్ గారూ, తెలీదంటాడు. ఆకాశ్ కాల్చిన వారం ఇంటికి ఎంత తక్కువొచ్చిందో అడగండి, రూపాయల్లో చెబుతాడు."

"ఆ ముక్క మెయిన్స్‌లో రాయొచ్చు కదరా?"

"రాస్తే మార్కులు పోతాయండీ. అక్కడ సమతూకం కావాలి."

"అంటే?"

"రక్షణా ముఖ్యమే, జీవనోపాధీ ముఖ్యమే అని రెండు పేరాలు రాసి, సంబంధిత వర్గాలందరితో సంప్రదించాలని మూడో పేరా పెట్టాలి. కింద ఒక ఫ్లోచార్టు గీస్తే ఇంకో అర మార్కు."

వాడు కలెక్టరవుతాడని నాకు గట్టి నమ్మకం.

సరే, ఈ సమతూకాన్ని కాస్త మా పేటకు తీసుకొద్దాం. నారాయణగూడ చౌరస్తా నుంచి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాకా రేపటి నుంచి అయిదు రోజులు, పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా ప్రమాద ప్రాంతమని దండోరా వేశారనుకోండి. ఏ రోజు అవసరపడుతుందో చెప్పలేరు. టీ కొట్లు, టిఫిన్ బండ్లు, కోచింగ్ సెంటర్లు, బిర్యానీ, మార్నింగ్ షో, అన్నీ బంద్. పాలు పోయించుకున్నవాడు విరిగిన పాలను, పిండి రుబ్బుకున్నవాడు పొంగిన పిండిని దేశభక్తితో చూస్తూ కూర్చోవాలి. అయిదో రోజు సాయంత్రం, గాలి బాగాలేదు, మళ్లీ చెబుతాం అంటారు. ఆరున్నరకు చౌరస్తాలో ధర్నా. ఎనిమిదింటికి టీవీ చర్చ. తొమ్మిదింటికల్లా ఎమ్మెల్యే వచ్చి కింద కూర్చుంటాడు. సముద్రంలో చౌరస్తా లేదు, వాళ్ల ఇబ్బంది అదీ.

చట్టాలు లేక కాదు. నేల మీద ఫిరంగులు కాల్చుకోవడానికి తెల్లవాడు 1938లో ఒక చట్టం చేశాడు. సముద్రం వైపు కాల్చుకోవడానికి మనవాళ్లు 1949లో ఇంకొకటి చేశారు. రాజ్యాంగం ఇంకా పూర్తికాలేదు గానీ ఫిరంగి సంగతి తేల్చేశారు. రెండింట్లోనూ నష్టపరిహారం మాట ఉంది. 1938 నాటి చట్టంలో, ప్రమాద ప్రాంతంలోకి అనుమతి లేకుండా వెళ్లినవాడికి జరిమానా పది రూపాయలకు మించకూడదని రాశారు. ఇప్పుడు నారాయణగూడలో ఇరానీ చాయ్‌కి కూడా ఆ డబ్బు చాలదు. క్షిపణి అనేది ఫిరంగి లెక్కలోకి వస్తుందా రాదా అంటారా, అది లాయర్లకు వదిలేద్దాం. వాళ్లకూ పూట గడవాలి.

రోజుకు వెల కట్టడం సర్కారుకు చేతకాదని కూడా అనలేం. 2024 జూలైలో క్షిపణి ఛేదక పరీక్ష కోసం చాందీపూర్ పక్కనున్న 10 ఊళ్ల నుంచి 10 వేల మందికి పైగా జనాన్ని తాత్కాలికంగా తరలించి పరిహారం ఇచ్చారు. ఆంధ్రలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట నిషేధం. దానికి ఇచ్చే 10 వేల భృతిని 2025లో 20 వేలు చేశారు. 61తో భాగిస్తే రోజుకు దగ్గర దగ్గర 328 రూపాయలు. తక్కువే, కానీ అంకె అంటూ ఒకటుంది. ఇక ఒడిశాలోనే అబ్దుల్ కలాం దీవి దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో పరీక్షలు ఆపడానికి డీఆర్‌డీఓ ఒప్పుకుందని 2023 డిసెంబరులో వార్తలొచ్చాయి. క్షిపణి వెలుగుకు, మోతకు తాబేలు బెదురుతుందట. నేను తాబేలు పక్షమే. ఓటు లేకుండా, సంఘం లేకుండా, వినతిపత్రం ఇవ్వకుండా మూడు నెలల సెలవు సాధించిన ప్రాణి అది. చేప గుడ్లు పెడితే భృతి ఉంది, తాబేలు గుడ్లు పెడితే సెలవు ఉంది. జాలరి గుడ్లు పెట్టడు, అదొక్కటే లోపం.

జాలర్లు ఎదురుతిరిగిన చోటూ ఒకటుంది. ప్యూర్టోరికోకు చెందిన వియేకెస్ దీవిలో అమెరికా నౌకాదళం ఆరు దశాబ్దాలు బాంబులేసి గురి నేర్చుకుంది. 1978లో అక్కడి జాలర్లు చిన్న పడవలతో యుద్ధనౌకలకు అడ్డం వెళ్లారు. 1999లో గురి తప్పిన బాంబులకు కాపలా ఉద్యోగి ఒకరు చనిపోయాక ఉద్యమం ముదిరి, 2003 మే 1న నౌకాదళం బాంబుల మూట కట్టుకుంది. మనవాళ్లు అడ్డం వెళ్లరు. "ఇవాళ ఉందా అండీ, లేదా?" అని ఫోన్ చేసి కనుక్కుంటారు.

ఇప్పుడు ఆంధ్ర తీరంలో నాగాయలంక వంతు. గుల్లలమోద దగ్గర కట్టబోయే క్షిపణి పరీక్షా కేంద్రానికి 2025 మే 2న అమరావతి నుంచి ప్రధాని శంకుస్థాపన చేశారు. అంచనా సుమారు 1,460 కోట్లు. ప్రయోగ కేంద్రం, స్వదేశీ రాడార్లు, టెలిమెట్రీ, ఎలక్ట్రో ఆప్టికల్ వ్యవస్థలు, అన్నీ అందులో ఉన్నాయి. అది 1977 ఉప్పెన ఊళ్లకు ఊళ్లను ఊడ్చుకుపోయిన దివిసీమ. వేటకే కాదు, బడికీ ఆస్పత్రికీ కూడా నీళ్లు దాటాల్సిన దీవులున్నాయక్కడ. అక్కడ పడవ ఆపమనడం మా దగ్గర రోడ్డు మూయడంతో సమానం.

ఆ పరీక్షా కేంద్రం ఇంకా పూర్తికాలేదు కాబట్టి ఒక చిన్న వస్తువు అంచనాలో కలపమని నా మనవి. ఒక రిజిస్టరు. ఏ తేదీన ఎన్ని పడవలు ఆపారు, కాల్చారా వాయిదా వేశారా, పడవకు ఎంత, కలాసీకి ఎంత, ఎప్పుడు ఇచ్చారు, సంతకం. చిక్కడపల్లి స్టేషనరీ షాపులో అట్ట గట్టిగా ఉన్న రిజిస్టరు వంద రూపాయల్లోపు వస్తుంది. 1,460 కోట్లలో సర్దుబాటు కాకపోతే నేనే కొని పంపుతాను. షాపువాడు అట్ట మీద శాఖ పేరు బంగారు అక్షరాలతో వేసిస్తానన్నాడు. అక్కడే ఆగిపోయాం. మా కాబోయే కలెక్టర్ని పిలిచి ఏ పేరు వేయించమంటావురా అని అడిగాను. మత్స్యశాఖ అంటే రక్షణశాఖను అడగమంటారట. రక్షణశాఖ అంటే రెవెన్యూవాళ్లను అడగమంటారట. రెవెన్యూ అంటే మళ్లీ మత్స్యశాఖేనట. ప్రస్తుతానికి అట్ట ఖాళీగా వదిలి లోపల గళ్లు మాత్రం గీయించమన్నాడు.