ఎంతిస్తారు? ఎంతకిస్తారు?

తెలంగాణ వైపు నుంచి చూస్తే కర్రెగుట్టలకు ఆవలి పక్కన ఉంటుంది ఉసూర్. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా. రేపెప్పుడైనా అక్కడ ఓ సర్వే బృందం జీపు దిగి, తునికాకు కోసే ఒకామెను ‘ఈ అడవిని కాపాడటానికి ఏడాదికి ఎంతిస్తావమ్మా?’ అని అడిగిందనుకుందాం. ఆర్థికవేత్తలకు ముద్దొచ్చే ప్రశ్న ఇది. అంకె ఎంత పెద్దదైతే ప్రకృతి మీద అంత ప్రేమ ఉన్నట్టు లెక్క.

ఆమె లెక్కేమో తునికాకులో ఉంటుంది. యాభై ఆకులు ఒక కట్ట, వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బస్తా. 2024 నుంచి బస్తాకు అక్కడి సర్కారు ఇస్తున్నది 5,500 రూపాయలు. అంటే ఆకుకు 11 పైసలు. ఫారంలో వంద అని రాయించాలంటే మే నెల ఎండలో తొమ్మిది వందల పైచిలుకు ఆకులు కోసి, లెక్కపెట్టి, కట్టలు కట్టి, కల్లంలో ఆరబెట్టాలి. సున్నా అంటేనో? ‘స్థానికుల్లో పర్యావరణ స్పృహ కొరవడింది’ అని నివేదిక తయారు. వెనకాలే అవగాహన సదస్సు, ఫ్లెక్సీ, సమోసాలు.

డబ్బున్న చోటైనా ఈ తూకం నిలకడగా ఉందా? 1989లో ఎక్సాన్ వాల్డెజ్ నౌక అలాస్కా తీరంలో చమురు ఒలకబోశాక అమెరికన్లను ఇదే అడిగితే ఇంటికి సుమారు 31 డాలర్లని తేలింది. దేశం మొత్తానికి 280 కోట్ల డాలర్లు. బాగానే ఉంది. ఆ రోజుల్లోనే మరో పరిశోధనలో రెండు వేల పక్షులను కాపాడటానికి సగటున 80 డాలర్లిస్తామన్నారు. ఇరవై వేల పక్షులకు 78. రెండు లక్షలకు 88. పెళ్లి ఎవరిదైనా చదివింపు నూట పదహార్లే!

ఇంకో పద్ధతి ఉంది, ప్రయాణ ఖర్చుది. జనం ఎంత ఖర్చుపెట్టుకుని వస్తే ఆ చోటికి అంత విలువ. ఈ లెక్కన జనం పెద్దగా వెళ్లని, ఉసూర్ దగ్గరి నంబి జలపాతం ఏళ్ల తరబడి దాదాపు పనికిరాని నీళ్లే. అదే 2025 ఏప్రిల్, మే నెలల్లో మావోయిస్టుల వేటకు వేలమంది బలగాలు హెలికాప్టర్లతో సహా 21 రోజులు మకాం వేశాయి కాబట్టి కర్రెగుట్టలు ఊటీని మించిపోవాలి.

అసలు తిరకాసు ప్రశ్న ఎటునుంచి వేశారన్న దాంట్లో ఉంది. 1974లో అచ్చయిన ఒక అధ్యయనంలో అమెరికా బాతుల వేటగాళ్లు చిత్తడినేలలు నిలబెట్టడానికి 247 డాలర్లిస్తామన్నారు. వాటిని వదులుకోవాలంటే మాత్రం 1,044 అడిగారు. అడవి ఎవరిదో వాళ్లను ‘ఎంతకిస్తారు’ అనాలిగానీ ‘ఎంతిస్తారు’ అంటారా?

‘ఎంతకిస్తారు’కు జవాబు మన దగ్గర ముందే అచ్చయి ఉంది. గనికో ప్రాజెక్టుకో అడవిని మళ్లిస్తే చెల్లించాల్సిన నికర వర్తమాన విలువ 2022 సవరణ ప్రకారం హెక్టారుకు సుమారు 9.57 లక్షల నుంచి 15.95 లక్షల రూపాయలు. ఈ రేట్లలో ఎంత దట్టమైన అడవైనా చదరపు మీటరు 160 రూపాయలు దాటదు. ఆ సొమ్ము చేరేది పోయిన అడవికి పరిహారంగా అడవులు పెంచడానికి పెట్టిన కంపా నిధికి. 2019 ఆగస్టులో కేంద్రం ఆ నిధి నుంచి ఛత్తీస్‌గఢ్ సర్కారుకు పంపింది 5,791 కోట్లు. తునికాకు కోసే ఆమెకు మాత్రం ఆకుకు 11 పైసలు, అదీ కల్లంలో కట్టల లెక్క సరిపోతేనే.