కొలిమి బాబాయి గీజరు

మా వీధిలో ఆయన్ని అందరూ కొలిమి బాబాయి అంటారు. అసలు పేరు ఒకటుంది గానీ, దాంతో పిలిచేది బ్యాంకువాళ్లొక్కరే. విశాఖ స్టీల్‌ప్లాంటు బ్లాస్ట్ ఫర్నేస్‌లో ముప్ఫై ఏళ్లు చేసి, రిటైరయ్యాక కూర్మన్నపాలెంలో ఇల్లు కట్టుకున్నారు. గాజువాక నుంచి అగనంపూడి దాకా వీధికొక బాబాయి ఇలాంటివాడు తగులుతాడు. గుర్తుపట్టడం తేలికే. పెళ్లిభోజనంలో పక్కవాడు “రసం కాలిపోతోందండీ” అంటే, “ఎంతుంటుంది, ఎనభై డిగ్రీలుంటుందా?” అని అడిగేవాడు ఆయనే. ఆయన లెక్కలో వేడి అనే మాట 1,500 డిగ్రీల దగ్గర, ఇనుము నీళ్లలా పారేచోట మొదలవుతుంది.

ప్లాంటులో మొదటి రెండు కొలుములకి నదుల పేర్లు పెట్టారు. 1990లో వెలిగించినది గోదావరి, 1992లో వెలిగించినది కృష్ణ. కట్టినప్పుడు ఒక్కోటీ 3,200 ఘనపు మీటర్లు. చాలా ఏళ్ల తర్వాత మూడోది వచ్చింది, అన్నపూర్ణ. బాబాయి ఇంట్లో కింది బాత్రూంలో గీజరు పేరు గోదావరి, మేడమీద దాని పేరు కృష్ణ. పెరటి బాత్రూంలో మేకు కొట్టి వదిలేసిన ఖాళీ గోడ అన్నపూర్ణ. ఆ గోడకేసి చూసినప్పుడల్లా పిన్నిగారు నిట్టూరుస్తారు.

పోయిన డిసెంబరులో గోదావరి కారడం మొదలెట్టింది. ప్లంబరు వచ్చి, మూత విప్పి, టార్చి వేసి చూసి, “ఇంకేటుంది సార్, అడుగంతా తుప్పట్టీసింది. కొత్తది తగిలించీండి” అన్నాడు.

బాబాయి మొహం చూడాలి అప్పుడు. గాజువాకలో షాపువాడు ఇరవై అయిదు లీటర్లది, అయిదు నక్షత్రాలది, పైపులూ బిగింపుతో కలిపి 8,900 చెప్పాడు. డబ్బు లేక కాదు. పింఛనుంది, అద్దె వస్తుంది. కానీ కొలిమిని మార్చడమనే మాట ఆయన చెవికెక్కదు. బ్లాస్ట్ ఫర్నేస్‌ని ఒకసారి వెలిగిస్తే ఏళ్ల తరబడి ఆర్పరు. లోపలి ఇటుకలు అరిగిపోతే అప్పుడు చల్లార్చి, కొత్త ఇటుకలు పేర్చి, మళ్లీ వెలిగిస్తారు. ప్లాంటులోని గోదావరికి ఆ మోక్షం ఇరవై ఏళ్లు దాటాక గానీ రాలేదు. “తొమ్మిదేళ్లకే మారుస్తామా అబ్బాయ్? కాపిటల్ రిపేర్ చేద్దాం” అన్నారు నాతో.

చేశారు. లుంగీ ఎగ్గట్టి, హాల్లో పాత పేపర్లు పరిచి, కాయిల్ బయటికి తీశారు. మా బోరు నీళ్ల సున్నం దానిమీద కోడిగుడ్డు పెంకులా పట్టింది. పిన్నిగారి కూరగాయల కత్తితో గీకి, ఆ తెల్ల పొడిని హార్లిక్స్ సీసాలోకి ఎత్తారు. “స్లాగ్. పారెయ్యకూడదు. ప్లాంటులో సిమెంటుకి అమ్ముతారు తెలుసా?” ఆ సీసా ఇప్పటికీ టీవీ పక్కనే ఉంది. మా అబ్బాయి దాన్ని హార్లిక్సే అనుకుని ఒకసారి చెంచాతో బయల్దేరాడు, సమయానికి పట్టుకున్నాం.

వెల్డింగు చేయించిన ట్యాంకు వారానికే మళ్లీ కారింది. పొద్దున్నే పిన్నిగారు గ్యాసు పొయ్యిమీద డేగిశాతో నీళ్లు కాచి మోస్తున్నారు. ఒకరోజు ఆవిడ ఆ డేగిశా నడవలో దించి, “ప్లాంటుకి ఢిల్లీవాళ్లు 11,440 కోట్లు ఇస్తామన్నారు. నా బాత్రూంకి మీరు తొమ్మిది వేలు ఇవ్వలేరా?” అని అడిగారు. 2025 జనవరిలో ఆ ప్యాకేజీ ప్రకటించిన రోజు వీధంతా మిఠాయి పంచింది బాబాయే గనక, దానికి ఆయన దగ్గర జవాబు లేదు. పేపరు తిరగేశారు.

ఆ డిసెంబరులోనే చికాగో నుంచి కొడుకు ఫోన్ చేశాడు. “నాన్నా, మా ఫర్నేస్ పోయింది, మార్చాలంట. ఏడు వేల డాలర్లు.” నేను పక్కనే ఉన్నాను. బాబాయి కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. “ఫర్నేసా! ఇంట్లోనా! రోజుకెంత తీస్తార్రా?” పాపం, ఆ దేశంలో ఇల్లు వెచ్చగా ఉంచడానికి నేలమాళిగలో పెట్టుకునే గ్యాసు పెట్టెని కూడా ఫర్నేసే అంటారని అప్పుడు తెలిసింది. ఇనుము తియ్యదు, వేడిగాలి ఊదుతుంది, అంతే. బాబాయి కొంచెం నిరాశపడ్డారు. అయినా మామూలు ప్రశ్నలు మొదలెట్టారు. ఎన్నేళ్లయింది? వెల్డింగు కుదరదా? ముగ్గురి దగ్గర రేటు అడిగావా?

“లోపల రేకు చిట్లింది నాన్నా. కార్బన్ మోనాక్సైడు ఇంట్లోకి వస్తుందంటున్నాడు.”

బాబాయి లేచి నిలబడ్డారు. కొలిమి గ్యాసులో ఉండేదీ అదే. రంగుండదు, వాసనుండదు, మనిషికి తెలిసేలోపే మనిషి పడిపోతాడు. మీటరు లేకుండా ఆ గ్యాసు లైన్ల దగ్గరికి ఎవరినీ పోనిచ్చేవారు కాదాయన. “ఇప్పుడే ఆపు. పిల్లని తీసుకుని స్నేహితుడింటికెళ్లు. రేటు అడక్కు, మార్చెయ్. తక్కువైతే నేను పంపుతాను.” ఇన్నేళ్ల పొరుగులో ఆయన నోట “రేటు అడక్కు” అనే మాట వినడం అదే మొదటిసారి. ఫోన్ పెట్టేశాక చేతులు వణికాయి. పిన్నిగారు మంచినీళ్లిచ్చారు.

ఇదే అదను అని నేను మన గోదావరి సంగతి ఎత్తాను. ఆయన తేరుకుని డైరీ తీశారు. కాయిళ్లు నాలుగు, 2,600. థర్మోస్టాట్లు మూడు, 1,200. ప్లంబరు ఏడుసార్లు, 2,100. వెల్డింగు రెండుసార్లు, 1,800. మొత్తం 7,700.

“కొత్తది 8,900. అంటే ఇంకా 1,200 లాభంలో ఉన్నాం అబ్బాయ్” అన్నారు.

ఇది రాస్తున్న పూటకి గోదావరి గోడమీదే ఉంది. కింద బకెట్టు ఉంది. థర్మోస్టాట్ మళ్లీ పోయింది, ఆ మోడలు గాజువాకలో దొరకడం లేదు. మీ అటకమీద తొమ్మిదేళ్లనాటి పాత గీజరేదైనా పడుంటే దయచేసి కబురు పెట్టండి. బాబాయికి కాదు, పిన్నిగారికి. ఆవిడ దాన్ని దాచేస్తానన్నారు.