పోలండ్ బండికి స్పెయిన్ కూలి

సర్కారు నడిపే ఫ్యాక్టరీ చెప్పే ధరను అమెరికా నమ్మదు. అందులో తప్పేం లేదు. ఉక్కు, కరెంటు, అప్పు అన్నీ ప్రభుత్వమే సమకూర్చే చోట ధర అనేది ఒక అధికారి పెట్టిన సంతకం. తమాషా ఆ తర్వాతే మొదలవుతుంది. ఆ ధర బూటకమని పక్కన పడేసి, ఇంకో దేశం నుంచి ఒక ధర అరువు తెచ్చి, అసలు సిసలు మార్కెట్ ధర ఇదేనంటారు.

1975 నాటి పోలండ్ గోల్ఫ్ బండ్ల యాంటీ డంపింగ్ కేసు చూడండి. సొంతగడ్డ మీది ధర కన్నా తక్కువకు పరాయి దేశంలో అమ్మడమే డంపింగ్. సోషలిస్టు పోలండ్‌లో గోల్ఫ్ బండి కొనే నాథుడెవరు? పోల్చడానికి స్వదేశీ ధరే లేదు. సరే, కెనడా కంపెనీ ధరతో పోల్చారు. పాపం, ఆ కంపెనీ కాస్తా బండ్ల తయారీ మానేసింది. అప్పుడు పోలండ్‌లో ఒక్కో బండికి ఎంత సామాను, ఎన్ని గంటల పని పడుతుందో లెక్క తీసి, వాటికి స్పెయిన్ రేట్లు కట్టారు. ఏ ఫ్యాక్టరీ నుంచీ బయటకు రాని బండి కాగితం మీద తయారైంది. నిజం బండి సక్రమంగా అమ్ముడవుతోందో లేదో ఇక ఆ కాగితపు బండే తేల్చాలి. ఇలాంటి లెక్కను 1988లో ఏకంగా చట్టంలోకే ఎక్కించారు.

ఈ నాటకంలో మన రొయ్యకూ ఒక వేషం దక్కింది, కాదు, రెండు. 2004లో చైనా రొయ్యల డంపింగ్ విచారణలో భారత్‌ను ప్రత్యామ్నాయ దేశంగా, అంటే ధర అరువిచ్చే దేశంగా ఎంచుకున్నారు. పచ్చి రొయ్య విలువ కోసం విశాఖపట్నం కంపెనీ ఒకదాని పద్దు తిరగేశారు. అదే ఏడాది, అదే అమెరికా వాణిజ్య శాఖ, పక్క ఫైలులో ఆ కంపెనీనే డంపింగ్ ముద్దాయిగా నిలబెట్టింది. మన ఎగుమతిదారుల్లో ఎక్కువ మందికి పది శాతం పైచిలుకు సుంకం తగిలింది. చైనా ఫైలులో సత్యహరిశ్చంద్రుడు, ఇండియా ఫైలులో దొంగ! రెండు ఫైళ్లూ ఒకే బల్ల మీద ఎదురుపడి ఉంటే పలకరించుకునేవో లేదో.

ఈ అరువు ధర తగిలేది మార్కెట్ దేశం కాదని అమెరికా ముద్ర వేసిన దేశాలకే. వియత్నాం ఇంకా మార్కెట్ దేశం కాలేదని 2024 ఆగస్టులో మళ్లీ తేల్చారు. ప్రభుత్వం కంపెనీల్లో మరీ వేలు పెడుతోందట. సరిగ్గా ఏడాదికి, 2025 ఆగస్టులో, అమెరికా ప్రభుత్వం ఇంటెల్‌లో దాదాపు 10 శాతం వాటా తీసుకుంది. అంతకు రెండు నెలల ముందే యూఎస్ స్టీల్‌లో, కీలక నిర్ణయాలను అడ్డుకునే హక్కున్న బంగారు వాటా ఒకటి పుచ్చుకుంది. హనోయ్‌లో అయితే దీన్ని జోక్యం అంటారు. వాషింగ్టన్‌లో దేశభద్రత అంటారు.