చూడటం కూడా భోజనమే!

'బెంచీ మీద కూర్చోవడం కూడా ఆటలో భాగమే. చూస్తూ నేర్చుకుంటారు.'

అండర్-14 అమ్మాయిల సాఫ్ట్‌బాల్ జట్టులో ఏడుగురికి బ్యాట్ ఎందుకు అందలేదని తల్లిదండ్రులు అడిగితే కోచ్ గారు సెలవిచ్చిన జవాబది. ఈ వారం మీ ఫోన్లలోకీ వచ్చే ఉంటుంది. ఇంత గొప్ప సిద్ధాంతాన్ని ఒక్క మైదానానికే కట్టిపడేయడం అన్యాయం. బడిలో మధ్యాహ్న భోజనానికి కూడా తక్షణం వర్తింపజేయాలని నా మనవి.

పథకం చాలా తేలిక. పదహారు మంది పిల్లలుంటే తొమ్మిది మందికే వడ్డన. దానికి ముందు సెలక్షన్ ట్రయల్స్ ఉంటాయి. విజిల్ ఊదగానే పప్పన్నం ఎవరు ముందు కలుపుతారు, గుడ్డు పెంకు ఎన్ని సెకన్లలో ఒలుస్తారు, ముద్ద చెయ్యి జారకుండా నోటికి చేరుతుందా, ఇవన్నీ పీఈటీ సారు కాగితం మీద రాసుకుంటారు. నెగ్గిన తొమ్మిది మందీ బంతిలో కూర్చుంటారు. మిగతా ఏడుగురూ గోడవార బెంచీ మీద కూర్చుని చప్పట్లు కొడతారు. వాళ్లకూ యూనిఫామ్ ఉంటుంది, కంచం ఉంటుంది, చెయ్యి కూడా కడుక్కునే వస్తారు. అన్నం ఒక్కటే ఉండదు. తినేవాళ్లకు మంచినీళ్లు అందించే బాధ్యత మాత్రం వాళ్లదే. దాన్నే టీమ్ స్పిరిట్ అంటారు.

'ఆకలేస్తోంది సార్' అని ఏ పిల్లయినా నోరు జారితే యాటిట్యూడ్ బాగోలేదని పేరు పక్కన గుర్తు పెడతారు. అందరూ తిని లేచాక గిన్నె అడుగున మాడు మిగిలితే, అది ఆ పిల్లకు పెట్టి 'అవకాశం ఇచ్చాం' అని రిజిస్టర్లో రాసుకుంటారు. ఆఖరి ఇన్నింగ్స్‌లో, బంతి రాని రైట్ ఫీల్డ్‌లో నిలబెట్టడమంటే ఇదే కదా!

'మా అమ్మాయి చిక్కిపోతోందండీ' అని తల్లి వచ్చి మొత్తుకుంటుంది.

'చూశారా అమ్మా, అందుకే సెలెక్ట్ కాలేదు. ముందు ఒళ్లు చెయ్యనివ్వండి, అప్పుడు అన్నం పెడతాం.'

ఒక పంతులమ్మ లేచి, సాఫ్ట్‌బాల్ నిబంధనల్లో రీ-ఎంట్రీ అని ఒకటుందని గుర్తు చేస్తుంది. మొదట ఆడిన పిల్లను కాసేపు బయటికి పిలిచి, వేరే పిల్లను పంపి, మళ్లీ మొదటి పిల్లనే అదే స్థానంలోకి ఒకసారి దింపుకోవచ్చు. అంటే బంతిలోంచి ఒకమ్మాయి లేచి, ఇంకో అమ్మాయి నాలుగు ముద్దలు తిన్నాక మళ్లీ వచ్చి కూర్చోవచ్చు. ఎవరి కడుపూ మాడదు. 'కుదరదు మేడమ్, తినేవాళ్ల రిథమ్ పోతుంది' అంటారు సారు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు గానీ, వడ్డించేవారి అమ్మాయి మొదటి బంతిలోనే, అదీ పిచ్చర్ స్థానంలో కూర్చుంటే ఇక సామెతతో పనేముంది? ఆ సంగతి మనకెందుకు లెండి.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ బడి భోజనానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో ఆ మహాతల్లి వేళ కాని వేళ వచ్చినవాళ్లకూ పొయ్యి వెలిగించి అన్నం పెట్టింది గానీ, 'నీకు తినడం బాగా వచ్చా' అని గుమ్మంలో ట్రయల్స్ పెట్టలేదు. పాపం, ఆవిడకు గెలుపు విలువ తెలియదు.

నవ్వొచ్చిందా? అన్నం దగ్గర ఇలా చేస్తే ఊరు ఊరంతా కర్రలు పట్టుకుని బడి మీదికొస్తుంది. ఆట దగ్గర చేస్తే క్రమశిక్షణ అంటున్నాం. బెంచీ మీది ఏడుగురిలో ఒకరు పన్నెండేళ్ల పిల్ల. తెల్లారకముందే లేచి, మొదటి బస్సు పట్టుకుని, ఎవరో అక్క వాడి వదిలేసిన గ్లవ్ చంకలో పెట్టుకుని వచ్చింది. దాని తోలు తాడు తెగితే చెప్పుల దారంతో ముడేసుకుంది. జట్టు 14-1తో గెలుస్తోంది. అప్పుడు కూడా ఆ పిల్లను గీత దాటనివ్వలేదు. ఎవరి కోసం దాచుకున్నారు సార్ ఆ పదమూడు పరుగుల ఆధిక్యం? సుమారు 40 అడుగుల దూరం నుంచి చెయ్యి కిందుగా తిప్పి విసిరిన బంతి మీదికొస్తుంటే బ్యాట్ ఎప్పుడు ఊపాలో బెంచీ చెక్క నేర్పుతుందా? ఏడాదంతా అలా కూర్చోబెట్టి, మరుసటేడు ఆ పిల్ల గ్రౌండుకు రాకపోతే, 'ఆడపిల్లలకు ఆటల మీద ఆసక్తి లేదు' అని మైకు పట్టుకుని చెప్పేదీ మీరే.

లెక్క మరీ కష్టమైనదేం కాదు. ఏడు ఇన్నింగ్స్, తొమ్మిది స్థానాలు, మొత్తం 63. పదహారు మందికి పంచితే తలా నాలుగు ఇన్నింగ్స్‌కు దగ్గరగా వస్తుంది. ఫైనల్లో మీకు కావలసినవాళ్లనే ఆడించుకోండి, ఎవరూ కాదనరు. జిల్లా లీగ్ మ్యాచ్‌లో, అదీ చేతికందిన మ్యాచ్‌లో, ఎనిమిదో తరగతి పిల్లకు రెండు ఇన్నింగ్స్ ఇవ్వడానికి చెయ్యి రానివాళ్లు కోచ్‌లు కాదు, కప్పుల గుమాస్తాలు.

అమెరికాలో పిల్లల సాఫ్ట్‌బాల్ పోటీలు నడిపే లిటిల్ లీగ్ వాళ్ల సీజన్ మ్యాచుల్లో జట్టులోని ప్రతి పిల్లా కనీసం ఆరు అవుట్లు పడేదాకా ఫీల్డింగ్ చేయాలి, ఒక్కసారైనా బ్యాటింగ్‌కు దిగాలి. ఈ నిబంధన తప్పితే మేనేజర్‌కు మొదటిసారి రాతపూర్వక హెచ్చరిక, రెండోసారి తర్వాతి మ్యాచ్ నుంచి సస్పెన్షన్. మన అండర్-14 పోటీల నిబంధనల్లోనూ ఈ రెండు ముక్కలు చేర్చండి. పైసా ఖర్చు లేదు, కొత్త స్టేడియం అక్కర్లేదు. వచ్చే సెలక్షన్లలోపే చేర్చండి.