పాత బేస్ గిటారు ప్రకటనకు టీకా తాత్పర్యం

మూలం

బేస్ గిటారు అమ్మకానికి కలదు. సూపర్ కండిషన్. తక్కువ వాడకం. తీగలు ఒరిజినల్. చిన్న రిపేరు మాత్రమే. ధర ఫిక్స్‌డ్, బేరం లేదు.

అవతారిక

సూత్రంలో అక్షరాలు తక్కువగా ఉండాలి, సందేహానికి తావుండకూడదు, సారం ఉండాలి అని లాక్షణికుల మాట. పాత వాద్యాలు అమ్మేవారి ప్రకటనలు వీటిలో మొదటిదాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తాయి. పై మూలం ఆ కోవలోనిదే. కర్త అజ్ఞాతుడు, ఫోను నంబరు మాత్రం లభ్యం.

ఇందులోని వస్తువు నాలుగు తీగల చవకరకం బేస్ గిటారు. దీనికి మాతృక 1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్. మనిషంత ఎత్తున్న డబుల్ బేస్‌ను ఊరూరా మోసుకు తిరిగిన వాద్యకారులకు నెక్ మీద లోహపు మెట్లు, అంటే ఫ్రెట్లు, ఉన్న ఈ చిన్న వాద్యం పెద్ద ఊరట. నెక్ పైకొసనున్న నట్ నుంచి బాడీ మీది బ్రిడ్జి దాకా తీగ నిడివి 34 అంగుళాలు. నెక్‌ను బాడీకి నాలుగు స్క్రూలతో బిగిస్తారు. ఆ కొలతలే తీసుకుని చవక కర్రతో చేసిన నకళ్లకు లెక్కలేదు. ప్రస్తుత ప్రతి అలాంటి నకలు. లభించిన చోటు ఒక అటక.

మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ కావ్య వ్యాఖ్యాత కోలాచలం మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేసుకున్నాడు. ఈ టీకలో మొదటి ప్రతిజ్ఞ సాగదు. గిటారులో ఉన్న దోషాలన్నీ మూలంలో లేనివే.

“బేస్ గిటారు అమ్మకానికి కలదు”

స్పష్టం.

“సూపర్ కండిషన్”

ఇక్కడ విశేషణం ఉంది, విశేష్యం లేదు. ప్రకటనతో పెట్టిన ఒకే ఒక్క ఫొటోను బట్టి బాడీ ముందువైపే విశేష్యమని ఊహించాలి. నెక్‌కు మాత్రం ఈ విశేషణం అన్వయించదు.

నాలుగు తీగలూ శ్రుతిలో ఉంటే నెక్ మీద పడే లాగుడు 70, 80 కిలోల మధ్య ఉంటుంది. తీగలు వదులు చేయకుండా గిటారును అటకెక్కిస్తే, వేసవిలో ఎండి, వానల్లో చెమ్మ పీల్చి, కర్ర ఆ లాగుడుకు ముందుకు వంగుతుంది. దాన్ని ఎదిరించడానికి నెక్ లోపల ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ ఉంటుంది. గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూకు 1920లలో దీనిపై పేటెంటు వచ్చింది.

పరీక్షించే విధం ఇది. తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా, చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కిపట్టి, ఏడెనిమిది ఫ్రెట్ల దగ్గర తీగ కింద సందు చూడాలి. విజిటింగ్ కార్డు దూరేంత, అంటే సుమారు 0.3 మిల్లీమీటరు ఉంటే చాలు. బ్యాంకు పాస్‌బుక్కు దూరితే నెక్ వంగినట్టే. అప్పుడు రాడ్ నట్టును కుడివైపుకు పావు చుట్టు తిప్పి, మళ్లీ శ్రుతి చేసి, మళ్లీ చూడాలి. తొందరపడి ఒకేసారి తిప్పేస్తే రాడ్ తెగుతుంది.

ప్రస్తుత ప్రతిలో ఆ నట్టుకు అలెన్ కీ కూర్చునే ఆరుపలకల గుంత అరిగి గుండ్రమైపోయింది. పూర్వ యజమాని చేతికందిన కీతో కుస్తీ పట్టాడని అనుమాన ప్రమాణం వల్ల సిద్ధిస్తోంది. కాస్త పెద్ద టార్క్స్ బిట్‌ను అందులోకి మెల్లగా దిగ్గొడితే ఒక్కోసారి పట్టు దొరుకుతుంది, ఇక్కడ దొరికింది. నెక్‌ను సరిచేసే ఒకే ఒక్క దారిని పాడుచేసినవాడే కండిషన్ సూపర్ అని రాయడం గమనార్హం.

నెక్ సరి అయ్యాక కూడా తీగ జరజరమంటే ఒక పూర్వపక్షం లేస్తుంది: కొండ మీద పొగ ఉంటే నిప్పున్నట్టు, తీగలో జరజర ఉంటే ఫ్రెట్ ఎత్తుగా ఉన్నట్టే, ఆకురాయి తెండి అని. తార్కికులు దీన్ని ఒప్పుకోరు. పొగకు నిప్పొక్కటే కారణం. జరజరకు చాలా కారణాలున్నాయి. కనుక ఈ హేతువు సవ్యభిచారం, అంటే ఒక్క సాధ్యానికే కట్టుబడనిది. తీగను నొక్కకుండా మీటినప్పుడే జరజరమంటే నట్ గాడి లోతెక్కువ. మొదటి నాలుగైదు ఫ్రెట్లలోనే అయితే నెక్ వెనక్కి వంగింది, రాడ్ బిగువు తగ్గించాలి. ఒక్కచోటే అయితే ఆ పక్క ఫ్రెట్ లేచింది; అది ఒక్కటే ఆకురాయికి అర్హం. బాడీ వైపున్న ఫ్రెట్లన్నిటిలోనూ అయితే బ్రిడ్జి మీద తీగను మోసే సాడిల్ మరీ కిందికి ఉంది. అన్నంభట్టు తర్కసంగ్రహంలో హేత్వాభాస ప్రకరణం ఒక్కటి చదివినా చాలా గిటార్ల ఫ్రెట్లు బతికేవి.

“తక్కువ వాడకం”

ఇది సత్యమైన వాక్యమే. రోగాలన్నీ ఇందులోంచే పుట్టాయి. రాగి, నికెల్, జింకు కలిసిన ఫ్రెట్లు వాడక నల్లబడ్డాయి. కర్ర ఎండి కుదించుకుపోవడంతో ఫ్రెట్ల కొసలు పక్కకు పొడుచుకొచ్చి అరచేతిని గీరుతున్నాయి. కొసలను సన్నటి ఆకురాయితో వాలుగా రుద్దాలి. ఫ్రెట్‌బోర్డుకు టేపు అంటించి, ఫ్రెట్లను మెత్తటి స్టీల్ ఊలుతో మెరిపించాలి. ఈ పనికి ముందు, తీగల కింద ఉండి వాటి మోతను అందుకునే పికప్‌లను కప్పడం మరవకూడదు. వాటిలో అయస్కాంతాలుంటాయి, ఉక్కు రజను ఒక్కసారి పట్టిందంటే వదలదు.

ఇక్కడ వీణ ప్రస్తావన అప్రస్తుతం. అయితే వ్యాఖ్యాతకు అప్రస్తుతమే ప్రాణం. వీణకు మెట్లు 24. తేనెమైనం, గుగ్గిలం, మసి కలిపిన దిమ్మె మీద వాటిని కూర్చుతారు. మైనం పాతబడి మెట్టు జారితే పనివాడు దాన్ని వేడి చేసి, మెట్టును వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతూ, చెవికి ఒప్పిన చోట నిలుపుతాడు. స్వరస్థానాన్ని తిరిగి వెతుక్కునే స్వేచ్ఛ ఆ వాద్యంలోనే ఉంది. గిటారు ఫ్రెట్‌కు ఆ యోగం లేదు. ఫ్యాక్టరీలో ఎక్కడ దిగ్గొట్టారో అక్కడే దాని జన్మ గడవాలి. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలోనూ, నూజివీడులోనూ వీణలను పనస కర్రతో చేస్తారు. ఒకే దుంగను తొలిచి చేసినది ఏకాండి వీణ. వాయించే తీగలు దానికీ నాలుగే, తాళం తీగలు మూడు అదనం. అక్కడ తీగలు షడ్జ పంచమాలుగా వరసలో ఉంటే, బేస్‌లో ఏ తీగను షడ్జమం అనుకున్నా దాని పై తీగ శుద్ధ మధ్యమం అవుతుంది. గమకం కోసం వీణ తీగను పక్కకు లాగుతారు; బేస్ తీగను అంత లాగబోతే వేలు తెగుతుంది.

అసలు తేడా వేరే ఉంది. వాయించేవారు లేని ఇంట్లో కూడా దసరాకు వీణను దించి, తుడిచి, బొట్టు పెడతారు. గిటారుకు అలాంటి రోజు లేదు. ఆయుధపూజనాడు స్కూటరుకు దక్కే పసుపు కుంకుమలు కూడా దానికి దక్కవు. ఏడాదికొకసారి తుడిచి చూసి ఉంటే ఈ టీకలో సగం అవసరమయ్యేది కాదు.

“తీగలు ఒరిజినల్”

దోషాన్ని గుణంగా చెప్పిన చోటు. ఫ్యాక్టరీలో ఎక్కించిన తీగలు చెమటా తుప్పూ పట్టి అలాగే ఉన్నాయని భావం. దీనికొక సమర్థన ఉంది: మోటౌన్ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తీగలు మార్చేవాడు కాదు కదా అని. సమాధానం: ఆయనవి నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలు, అవి నిత్యం మోగేవి, మోగించినవాడు జేమర్సన్. మూడు హేతువుల్లో ఒక్కటీ ఇక్కడ లేదు.

పాత తీగలను నీళ్లలో మరిగించే సంప్రదాయం కూడా కొందరిలో ఉంది. జిడ్డు వదిలి కొన్నాళ్లు స్వరం తేటపడుతుంది, తుప్పు పోదు. వంటింట్లో జరిగే క్రియ గనుక ఇది గృహ్యసూత్రాల పరిధిలోకి వస్తుంది; ఇక్కడ విచారించబడదు.

కొత్త తీగలే వేయాలి. వేశాక 17వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు 2 నుంచి 2.4 మిల్లీమీటర్లు ఉండేలా సాడిల్ స్క్రూలు సరిచేయాలి. 12వ ఫ్రెట్ దగ్గర హార్మోనిక్‌నూ, నొక్కి మీటిన స్వరాన్నీ ట్యూనర్‌తో పోల్చాలి. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే సాడిల్‌ను వెనక్కి జరపాలి, తగ్గుగా ఉంటే ముందుకు.

“చిన్న రిపేరు మాత్రమే”

కావ్యానికి ఆత్మ ధ్వని అన్నాడు ఆనందవర్ధనుడు. ప్రస్తుత ప్రతిని యాంప్లిఫయరుకు తగిలిస్తే ఆత్మ లేదని తేలింది. జాక్ నట్టు వదులై, జాక్ గిర్రున తిరిగి, లోపలి తీగ టంకం దగ్గర తెగింది. వాల్యూం నాబ్ తిప్పితే గరగర. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి నాబ్‌ను అటూ ఇటూ పదేపదే తిప్పితే పోతుంది. బ్రిడ్జికి వెళ్లే ఎర్త్ తీగ ఊడింది కనుక జాక్ అతికాక గుయ్యిమనే మోత మొదలవుతుంది. ఇంటి కరెంటు 50 హెర్ట్జ్‌ది. లావు తీగ మీద మూడో ఫ్రెట్ స్వరం 49 హెర్ట్జ్. విద్యుత్ శాఖ పట్టే ఈ శ్రుతికి గిటారు కలిసీ కలవదు. ఎర్త్ తీగను అతికిస్తే మోత చాలావరకు తగ్గుతుంది.

ఇన్ని పనులను “మాత్రమే” అనడం వల్ల ఇక్కడ ఉన్నదాన్ని దాచి చెప్పే అపహ్నవాలంకారం.

“ధర ఫిక్స్‌డ్, బేరం లేదు”

మీమాంసకుల మాటల్లో ఇది పాటించి తీరవలసిన విధివాక్యం కాదు, ఉత్త పొగడ్త అయిన అర్థవాదం. బేరం ఉంది.

తాత్పర్యం

టంకపు సామానూ, ఓపికా ఉంటే ఈ గిటారు బాగుపడుతుంది. బాగుపడ్డాక చవక కర్ర కూడా చక్కగానే మోగుతుంది. అయితే ఇలాంటి గిటారు ఎక్కువగా చేరేది ఇవేవీ తెలియని కొత్త విద్యార్థి చేతికి. నెక్ వంగి, తీగలు ఎత్తై, వేళ్లు బొబ్బలెక్కితే ఆ పిల్లవాడు తప్పు తన వేళ్లదే అనుకుని మానేస్తాడు. తర్వాత అదే గిటారు అదే ప్రకటనతో మళ్లీ అమ్మకానికి వస్తుంది. కాబట్టి కొనేవారు యాంప్లిఫయరుకు తగిలించి వినాలి, నెక్‌ను కంటి దగ్గర పెట్టుకుని వంపు చూడాలి, కొత్త తీగల ఖరీదు ధరలోంచి తగ్గించమనాలి. ట్రస్ రాడ్ తిరుగుతుందో లేదో అమ్మేవారి చేతనే తిప్పించి చూడాలి. అది తిరగకపోతే ఎంత చవకైనా ఆ గిటారు కొనకూడదు.