బుద్ధుడికి వీపు, ఫోనుకి ముఖం

మా రోజుల్లో నాగార్జునకొండ ప్రయాణమంటే మాచర్ల బడిపిల్లలకి పండగే. తెల్లారకముందే అమ్మ పులిహోర పొట్లం కట్టేది. విజయపురి సౌత్ దాకా బస్సు, అక్కణ్ణుంచి లాంచి. నీళ్ళలో చెయ్యి పెడితే వేళ్ళు విరుగుతాయని డ్రిల్లు మాస్టారు రేవులోనే బెత్తం చూపించేవారు. మ్యూజియంలో సోషలు మాస్టారు ఒక్కో శిల్పం ముందూ ఆపి రాసుకోమనేవారు. రాసుకోనివాడికి తిరుగు లాంచిలో అంచు సీటు లేదు. అదీ క్రమశిక్షణంటే!

ఇప్పుడో? మొన్న వేసవిలో మా అబ్బాయి శుక్రవారం బయల్దేరదామన్నాడు. శుక్రవారం మ్యూజియానికి సెలవని వాడి చేతిలోని ఫోనుకి తెలుసు, వాడికే తెలీదు. సరే, శనివారం వెళ్ళాం. పదిహేనేళ్ళలోపు పిల్లలకి మ్యూజియం టికెట్టు లేదు. పెద్దవాళ్ళ దగ్గర రెట్టింపు తీసుకున్నా తప్పులేదంటాను. గోల చేసేది వీళ్ళేగా!

లోపల ముంపు లోయ నమూనా ఉంటుంది. మా మనవడు దాని దగ్గర అతుక్కుపోయాడు. చెప్పాను: 1926లో ఈ కొండల మధ్య శిథిలాలు బయటపడ్డాయిరా, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఇక్కడే. సాగర్ డ్యాం కడితే లోయంతా మునుగుతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వి, కొన్ని కట్టడాల్ని ఊడదీసి ఈ కొండమీదా, అటు అనుపులోనూ మళ్ళీ నిలబెట్టారు. మిగతాది కృష్ణమ్మ పాలు.

"తాతయ్యా, అయితే ఇందాక మన లాంచి ఈ ఊరి మీంచే వచ్చిందా?"

"అవున్రా."

"కింద గోడలు ఇంకా ఉంటాయా?"

మా బ్యాచిలో ఇలాంటి ప్రశ్న ఒక్కడూ అడగలేదు. మేం అడిగిందల్లా పులిహోర ఎప్పుడు విప్పమంటారని.

తర్వాత ఒక శిల్పఫలకం దగ్గర వంగి, "ఇది మన వరండాలో రాయేగా!" అన్నాడు. ఆ జాతిదే, పలనాటి సున్నపురాయి. అదే లేతాకుపచ్చ ఛాయ. మూడో శతాబ్దంలో దాని మీద ఏనుగుల్ని, గుర్రాల్ని, బుద్ధుడి కథల్ని వేలెడంత బొమ్మల్లో చెక్కారు. మనం పరిచి బకెట్టు నీళ్ళతో కడుగుతున్నాం. ఇక్కడి మహాచైత్యానికి దానం చేసింది ఇక్ష్వాకు రాజుగారి తోబుట్టువు చాంతిసిరి అని చెప్పబోతుంటే, "రారా, పెద్ద బుద్ధుడి దగ్గర ఫోటో!" అని వాళ్ళ నాన్న కేక. అక్కడ అప్పటికే క్యూ ఉంది. అందరూ బుద్ధుడికి వీపు పెట్టి ఫోను వంక నవ్వుతున్నారు. ఆ విగ్రహాన్ని ఎదురుగా నిలబడి చూసినవాడు ఒక్కడూ కనబడలేదు.

పిల్లల్లేకుండా వెళ్తే ప్రశాంతంగా చూడొచ్చంటారు. ఆ ముచ్చటా తీరింది. అంతకుముందు చలికాలంలో రిటైరైన మా జట్టు వెళ్ళింది. పెద్ద పెద్ద బండలు పేర్చిన బృహత్ శిలాయుగపు సమాధిని కొండమీద తిరిగి కట్టిపెట్టారు కదా, దాని ముందు నిలబడి మావాళ్ళు డీఏ బకాయిల గురించి వాదించుకున్నారు. ఒకాయన షుగరు మాత్ర వేసుకోవాలని చెట్టుకింద చేరాడు, ఆయనకి తోడు ఇద్దరు. ఇంకొకాయన గుమ్మంలోనే "అన్నీ ముక్కలేనండీ" అని తేల్చేశాడు. నేనొక్కణ్ణే గదులు తిరిగాను. ప్రశాంతతకేం లోటు లేదు గానీ, నన్ను ప్రశ్న అడిగే నాథుడే లేడు.

అనుపులో రంగస్థలం మెట్లు మా మనవడికింకా చూపించలేదు. దసరా సెలవుల్లో మళ్ళీ వెళ్తాం, నేనూ వాడూ. వాళ్ళ నాన్నని దారిలో ఎత్తిపోతల జలపాతం దగ్గర దింపేస్తే సరి. అక్కడ ఫోటోలు బాగా వస్తాయట.