‘లేటవకండ్రా’: ఒక వాట్సాప్ సందేశానికి టీకా తాత్పర్యం

అవతారిక

ఈ కృతికి నాలుగే పాదాలు. కర్త గుంటూరువాడు, ఆక్స్‌ఫర్డ్‌లో మూడో ఏడు పరిశోధన చేస్తున్నవాడు. రచనాకాలం అక్టోబరులో ఒక శుక్రవారం, మధ్యాహ్నం 3 గంటల 40 నిమిషాలు. కాలనిర్ణయంలో పండితులు కొట్టుకోవలసిన పని లేదు. వాట్సాప్ తానే కింద ముద్ర వేసింది. ఉద్దేశించినది ఆ వారమే పెట్టెలతో దిగిన ముగ్గురు పిల్లల్ని. ఈ వ్యాఖ్యాత వారిలో ఒకడు.

శాస్త్రగ్రంథానికి అనుబంధ చతుష్టయం చెప్పడం ఆచారం. విషయం: కూర్చునే చోటు. ప్రయోజనం: ఆకలి తీరడం. సంబంధం: అందరూ ఒకే గ్రూపులో ఉండడం. అధికారి: పద్దెనిమిదేళ్లు నిండి, అడిగినప్పుడు చూపించడానికి జేబులో కార్డున్నవాడు. మందు పుచ్చుకోనివాడికి అధికారం లేదా అంటే, ఉంది. లైమ్ అండ్ సోడా తాగేవాణ్ణి అక్కడ ఎవరూ వింతగా చూడరు.

మూలం

ఆరింటికి టర్ఫ్.
నిండిపోతే కేఏ.
తిండి సంగతి తర్వాత చూద్దాం.
లేటవకండ్రా.

ఛందస్సు

రెండు, మూడు పాదాల్లో రెండో అక్షరం ‘ండి’ అని ప్రాస కుదిరింది. తక్కిన రెంటిలో కుదరలేదు. గణాలు ఎక్కడా లేవు. కాబట్టి ఇది వచనమని కొందరు. వచనమైతే పాదానికోసారి సెండ్ నొక్కడం ఎందుకని మరికొందరు. ఫోన్ నాలుగుసార్లు మోగింది కనుక నాలుగు పాదాలనే మా పక్షం.

మంగళాచరణం ఏదని అడగవచ్చు. ‘హాయ్’ అని కూడా లేదు, నిజమే. ‘ఆరు’ అనే సంఖ్యతో మొదలుపెట్టడమే మంగళం. దానివల్ల షడ్రుచులు స్ఫురిస్తాయి. ఆ దేశపు బల్ల మీద ఉప్పూ వెనిగరూ, అంటే లవణామ్లాలు రెండే ఉంటాయి కనుక తక్కిన నాలుగు రుచులనూ పాఠకుడు ఊహించుకోవాలి.

ప్రతిపదార్థం

ఆరింటికి = సాయంకాలం ఆరు గంటలకు (తెల్లవారుజామున ఆరింటికి నది మీద తెడ్లు వేసేవాళ్లకు తప్ప తక్కిన విద్యార్థులకు ఇంకో ఆరు లేదు); టర్ఫ్ = టర్ఫ్ టావెర్న్ అనే పానశాలయందు (సప్తమీ ప్రత్యయం తొందరలో లోపించింది); నిండిపోతే = కూర్చోవడానికి చోటు లేనట్లయితే; కేఏ = కింగ్స్ ఆర్మ్స్ అనే పానశాలకు (రండి అని అధ్యాహారం); తిండి సంగతి = భోజన విషయమును; తర్వాత = పిమ్మట (ఎంత పిమ్మట అన్నది మూలంలో లేదు); చూద్దాం = నిర్ణయించుకుందము (కళ్లతో చూడడం కాదు, ఆ రాత్రి చాలాసేపు కళ్లతో కూడా చూడలేదు); లేటవకండ్రా = ఓ పిల్లలారా, ఆలస్యము చేయకుడు.

ఇక్కడ ‘అవకండి’ అన్న బహువచనం గౌరవార్థకమా, సంఖ్యార్థకమా అని సందేహం. చివర ‘రా’ తగిలించాడు గనుక గౌరవం కాదు. ముగ్గురం ఉన్నాం గనుక సంఖ్యే.

తాత్పర్యం

సాయంత్రం కలుద్దాం అని భావము.

ప్రథమ పాద వ్యాఖ్య

టర్ఫ్ అనగా పచ్చిక, దాన్నిబట్టి గుర్రప్పందెం. ఈ పానశాలకు పూర్వనామం స్పాటెడ్ కౌ, అంటే మచ్చలావు. 1842లో పేరు మార్చారు. ఆవు పోయి గడ్డి మిగిలింది.

ఇంత పేరున్న చోటు వీధిలోకి కనబడదు. హోలీవెల్ వీధికీ న్యూ కాలేజ్ లేన్‌కూ మధ్య, పాత కోటగోడను ఆనుకుని దాక్కుని ఉంటుంది. చేరడానికి హెర్ట్‌ఫర్డ్ కాలేజీ వంతెన కింద నుంచి నడవాలి. 1914లో పూర్తయిన ఈ వంతెనను జనం ‘నిట్టూర్పుల వంతెన’ అంటారు. అది దాటగానే ఎడమవైపు గోడలో చీలికలాంటి సందు ఒకటి. పేరు సెయింట్ హెలెన్స్ పాసేజ్. పూర్వం హెల్ పాసేజ్, అంటే నరకద్వారం, అనేవారట. నాలుగక్షరాలు చేర్చి నరకాన్ని పుణ్యస్త్రీగా మార్చిన వైయాకరణుడెవరో గాని, అతడికి నమస్కారం. ఎదురుగా లావాటి మనిషి వస్తే ఇద్దరిలో ఒకరు గోడకు అతుక్కోవలసిన సందు అది.

ఆ చోటును కనుక్కోవడానికి ప్రమాణమేది? ప్రత్యక్షం పనికిరాదు, కనబడదు కనుక. ఉపమానం పనికిరాదు, అలాంటి చోటు మరొకటి మేం చూడలేదు. ఫోన్‌లోని మ్యాపు అనుమాన ప్రమాణం. అది ‘మీరు చేరుకున్నారు’ అన్నప్పుడు మా ముందున్నది రాతిగోడ. చివరికి గోడ అవతల నుంచి నవ్వులూ గ్లాసుల చప్పుడూ వినబడ్డాయి, వాటిని పట్టుకుని వెళ్లాం. కనుక ఇక్కడ శబ్దమే ప్రమాణం.

పాఠాంతరం: బాబ్ హాక్ అనే ఆస్ట్రేలియా విద్యార్థి గజం పొడవు గాజుపాత్రలోని రెండున్నర పింట్ల ఏల్‌ను 11 సెకన్లలో తాగి గిన్నిస్ బుక్‌కెక్కాడు. 1983 నుంచి 1991 దాకా ఆ దేశానికి ప్రధానిగా ఉన్నాడు. ఆ ఘనకార్యం జరిగింది ఇక్కడేనని టర్ఫ్‌లో రాసిపెట్టారు. హాక్ ఆత్మకథలో మాత్రం అది కాలేజీ భోజనశాలలో, గౌను వేసుకోకుండా వచ్చినందుకు పడిన శిక్ష. తాగినవాడి మాట నమ్మాలా, తాగించామన్నవాడి మాట నమ్మాలా అంటే, ఎవరి గోడ మీద వారి పాఠం ప్రమాణం.

ద్వితీయ పాద వ్యాఖ్య

‘నిండిపోతే’ అన్నది సందేహార్థకం కాదు. శుక్రవారం ఆరింటికి టర్ఫ్ నిండకపోవడం లేదు. కవికి అది తెలుసు. అయినా నేరుగా ‘కేఏకి రండి’ అనలేదు. ముందు టర్ఫ్ చూపించాలి, తర్వాత చోటు దొరికేచోట కూర్చోబెట్టాలి. బంధువుల్ని ముందు గుడికీ, తర్వాత ఇంటికీ తీసుకెళ్లినట్టు.

కేఏ 1607 నాటిది. పేరులోని రాజు అప్పటి మొదటి జేమ్స్. సొంతదారు పక్కనున్న వాడమ్ కాలేజీ. ఎదురుగా బోడ్లియన్ గ్రంథాలయం కొత్త భవనం. ఇటు తలుపు తోస్తే పుస్తకం, అటు తోస్తే పింటు. ఆ రోడ్డు దాటడానికి అరనిమిషం చాలు, తిరిగి దాటడానికి కొందరికి ఒక టర్ము పడుతుంది.

కేఏలో మాకు బల్ల దొరికింది. ముగ్గురం కూర్చుని, ఎవరో వచ్చి అడుగుతారని పావుగంట చూశాం. మంచినీళ్లయినా పెట్టలేదేమని ఒకడు నొచ్చుకున్నాడు. పబ్బులో ఎవరూ రారు. మనమే బల్లకొట్టు దగ్గరికి వెళ్లి, అడిగి, డబ్బిచ్చి, గ్లాసులు మోసుకుని రావాలి. అక్కడ వరుస కనబడదు గాని ఉంటుంది. ఎవరి తర్వాత ఎవరో అందరికీ తెలుసు. తెలియనట్టు ముందుకు జరిగినవాణ్ణి ఎవరూ ఏమీ అనరు, చూస్తారంతే. ఆ చూపు చాలు.

ఇంకొక ఆచారం ‘రౌండ్’. ఒకడు అందరికీ కొంటాడు, తర్వాత ఇంకొకడు. దీన్ని మన పెళ్లి చదివింపులతో పోల్చుకుంటే సులువుగా బోధపడుతుంది. ఎవరూ పుస్తకంలో రాయరు, ఎవరూ మరిచిపోరు. మనిషికొక పింటు, అంటే 568 మిల్లీలీటర్లు. నలుగురి గుంపులో చేరితే నాలుగు రౌండ్లు ధర్మం. కనుక నిగ్రహం గలవాడు ఇద్దరి గుంపులోనే చేరవలెనని స్మృతి. ఏ స్మృతి అంటే, మరునాటి ఉదయపు స్మృతి.

ఆక్షేపణ: పోసినది రుచించకపోతే?

సమాధానం: గ్లాసు బల్ల మీద పెట్టి మౌనంగా లేచి రావలెను. ఈ విషయంలో ఆ ఊరికి ఘోరమైన పూర్వానుభవం ఉంది. 1355 ఫిబ్రవరి 10న, సెయింట్ స్కొలాస్టికా పండుగనాడు, కార్‌ఫాక్స్ కూడలిలో ఉన్న స్విండిల్‌స్టాక్ అనే పానశాలలో ఇద్దరు విద్యార్థులు ద్రాక్షసారా బాగాలేదన్నారు. దుకాణదారు ఎదురు మాటన్నాడు. సారా అతడి మొహాన పోశారు. ఊరివాళ్లు ఒక గంట మోగించారు, విశ్వవిద్యాలయంవాళ్లు ఇంకో గంట మోగించారు. పల్లెల నుంచి జనం దిగారు. మూడు రోజుల కొట్లాటలో విద్యార్థి వర్గంలో 63 మంది, ఊరివాళ్లలో ముప్పై మంది దాకా చచ్చిపోయారని చెబుతారు. రాజు విశ్వవిద్యాలయం పక్షం వహించాడు. ఏటా ఆ తేదీన మేయరూ పౌరులూ చర్చికి వెళ్లి, తల ఒకటికి పెన్నీ చొప్పున చెల్లించుకోవలసి వచ్చింది. ఈ కప్పం 1825 దాకా సాగింది. రాజీ 1955లో, ఆరు వందలేళ్లకు. మేయరుకు గౌరవ పట్టం, వైస్ ఛాన్సలర్‌కు నగర పౌరసత్వం ఇచ్చిపుచ్చుకున్నారు. ఆ పానశాల పోయింది, కూడలిలో గోడ మీద ఫలకం ఉంది. పులుసులో ఉప్పెక్కువైందని కంచం విసిరేసే మగమహారాజులు మన ఊళ్లలోనూ ఉన్నారు గాని, దానికి 470 ఏళ్ల జరిమానా కట్టించినవారు లేరు.

తృతీయ పాద వ్యాఖ్య

ఇదే కృతికి ఆయువుపట్టు. ‘తిండి సంగతి తర్వాత చూద్దాం’ అన్న మాట తెలుగు నేల మీద పుట్టి పెరిగినవాడు నమ్మి బాగుపడ్డ దాఖలా లేదు. పబ్బు పదకొండు దాకా తెరిచి ఉన్నా వంటగది అంతకు ఎంతో ముందే మూతపడుతుంది. మేం ఆ సంగతి మూతపడ్డాకనే తెలుసుకున్నాం.

అప్పుడు చర్చ మొదలైంది. కవర్డ్ మార్కెట్‌కి పోదామా? వీధుల్లోని కంపు అంగళ్లను ఎత్తేసి 1774లో కట్టిన మార్కెట్టు అది. బిస్కెట్లూ పైలూ అన్నీ ఉంటాయి, కాని చాలా అంగళ్లు చీకటిపడే వేళకే కట్టేస్తారు. పోనీ, మాగ్డలెన్ వంతెన దాటి కౌలీ రోడ్డుకు? ఆ పేరును ‘మాడ్లిన్’ అని పలకాలి, పలకనివాడు ఆ వారమే దిగాడని అర్థం. మార్కెట్టూ వంతెనా రెండింటి రూపశిల్పీ ఒక్కడే, జాన్ గ్విన్. ఊళ్లో తినడానికి చోటు కట్టి, అక్కడ దొరక్కపోతే ఊరవతలికి పోవడానికి దారీ కట్టిన దూరదృష్టిని శ్లాఘించవలె.

కౌలీ రోడ్డులో లోకంలోని వంటలన్నీ ఉన్నాయి. ‘ఇండియన్’ అన్న బోర్డు చూసి మావాడు ఉప్పొంగాడు. ఆ దేశంలో ఆ బోర్డు వెనక తరచుగా ఉండేది సిల్హెట్ నుంచి వచ్చిన బెంగాలీలు. వంట దివ్యమే, ముందుగా అప్పడాలూ వాటితో నాలుగు గిన్నెల చట్నీలూ పెడతారు. పప్పూ చారూ గోంగూరా అడిగినవాడు భూగోళం చదవలేదని అర్థం.

ప్రాసంగికంగా ఒక ప్రశ్న. 1931 నుంచి 1936 దాకా వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వైస్ ఛాన్సలర్‌గా ఉండి, 1936 నుంచి 1952 దాకా ఇక్కడ స్పాల్డింగ్ ఆచార్య పీఠం అలంకరించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ ఎక్కడ తినేవారు అని మావాడు అడిగాడు. ఆయన ఆల్ సోల్స్ కాలేజీ ఫెలో, శాకాహారి. పరబ్రహ్మం గురించి ఆయనను అడిగినవారు ఎందరో. రాత్రి పదింటికి ఆకలేసి అడిగినవాడు మావాడొక్కడే.

‘తర్వాత’ అన్న పదానికి అర్థం చివరికి బ్రాడ్ వీధిలో తేలింది. కాలేజీల గోడల పక్కన కబాబ్ వ్యాన్ ఆగి ఉంది. మనకు మిర్చి బజ్జీల బండి ఎలాగో వాళ్లకది అలాగ. వేడి చిప్స్ మీద తురిమిన చీజ్ పోసి ఇస్తారు. ‘చిల్లీ సాస్, బాస్?’ అని అడిగాడు బండతను. ఆ ఊరికొచ్చిన ఆరు రోజుల్లో కారం కావాలా అని మమ్మల్ని అడిగిన మొదటి మనిషి. షడ్రుచుల్లో మూడోది అక్కడ దక్కింది.

చతుర్థ పాద వ్యాఖ్య

ముగ్గురం ఆరింటికి వచ్చాం. కవి ఆరూ ఇరవై అయిదుకు వచ్చాడు. శాసనకర్తకు శాసనం వర్తించదని మీమాంస.

సిద్ధాంతం

ఇంతకూ ఇష్టమైన చోటంటే ఏది? రుచి లక్షణం కాదు, వ్యాను ముందు ఏ రుచీ నిలవదు గాని వ్యాను దగ్గర ఎవరూ కూర్చోరు. ప్రసిద్ధి లక్షణం కాదు. బేర్ అనే పబ్బులో 1952 నుంచి గిరాకీల టైల కొసలు కత్తిరించి, బదులుగా అర పింటు పోసి, 4,500కు పైగా గోడలకెక్కించారు. అది చూసేందుకు ఒకసారి వెళతాం, రెండోసారి ఊరి నుంచి వచ్చిన చుట్టాలను తీసుకెళతాం.

మా లక్షణం ఇది: ఇష్టం పెరిగినకొద్దీ పేరు తరుగును. ఉదాహరణలు: టర్ఫ్ టావెర్న్ టర్ఫ్ అయింది, కింగ్స్ ఆర్మ్స్ కేఏ అయింది. టోల్కీన్, లూయిస్ మొదలైన రచయితలు మంగళవారాలు చేరే ఈగల్ అండ్ చైల్డ్‌ను జనం గద్దను పిట్టగా కుదించి ‘బర్డ్ అండ్ బేబీ’ అన్నారు. 1962లో మరమ్మతులు చేసి వాళ్ల లోపలిగదికి ఏకాంతం లేకుండా చేస్తే, రోడ్డు దాటి ఎదురుగా ఉన్న లాంబ్ అండ్ ఫ్లాగ్‌కు మారిపోయారు. అంటే ఇష్టమైనది పేరూ కాదు, గోడలూ కాదు, మనకని మిగిలిన మూల.

ఈ సిద్ధాంతానికి ఆధారం అదే గ్రూపులో మరుసటి ఏడు జూన్ నాటి ప్రతి. పాఠం ఇది: ‘ఆరింటికి. లేటవకండ్రా.’ మధ్య రెండు పాదాలూ లేవు. టర్ఫ్ లేదు, కేఏ లేదు, తిండి ఊసే లేదు. లేఖక దోషమని తొందరపడరాదు. నలుగురమూ అడగకుండా ఒకే చోటికి చేరాం.

ఫలశ్రుతి

ఈ టీకను పఠించినవారికి సందు దొరుకును, వంటగది మూయక మునుపే ఆకలి గుర్తుకు వచ్చును, రౌండు వంతు తప్పకుండును. కోటగోడ పక్క బల్ల కూడా దొరుకును, శుక్రవారం తప్ప.